శిశువుల రక్తహీనత: పరీక్షల తారతమ్యము

మన దేశమున అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికెందరు రక్తహీనులు? ఈ ప్రశ్నకు ప్రభుత్వమువారే స్వల్పకాల వ్యవధిలో రెండు ప్రత్యుత్తరములొసగిరి. 2015-16 సంవత్సరముల నాలుగవ జాతీయ కుటుంబారోగ్య సర్వే నూటికి 58.6 మంది యని చెప్పినది. 2016-18 నడుమ జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే, ఒకటి మొదలు నాలుగేండ్ల బిడ్డలలో నూటికి 40.5 మంది యని చెప్పినది. మొదటి సర్వేలో ఆరునెలలు నిండిన పసికూనలు సైతము చేరియుండుటచే కొంత భేదము కలుగుట సహజమే. కాని పదునెనిమిది పాళ్ల భేదమంతయు వయస్సువలననే వచ్చినదనుట పొసగదు. మొదటివారు వ్రేలికొనను సూదితో పొడిచి, వచ్చిన చుక్కను చేతియంత్రములో చూచిరి. రెండవవారు చేతి సిరనుండి నెత్తురు తీసి ప్రయోగశాలలోని పెద్ద యంత్రమున కిచ్చిరి. దేశమొక్కటే, కొలతలు రెండు.

తరువాతి 2019-21 సర్వే మరల వ్రేలిచుక్కనే ఆధారముగా గొని దేశమునకు 67.1, ఆంధ్రప్రదేశమునకు 63.2, తెలంగాణమునకు 70.0 పాళ్లని ప్రకటించినది. తెలంగాణమున అంతకుముందటి సర్వే లెక్క 60.7. నాలుగైదేండ్లలో మన పిల్లల నెత్తురు ఇంతగా పలుచబడినదా? లేక మన కొలతయే సడలినదా? ఈ సందేహమును తీర్చుకొనక వైద్యమునకు పూనుకొనుట చీకటిలో బాణము వేయుటయే. జాతీయ పోషణసంస్థకు గంటసేపటి ప్రయాణ దూరమున, కర్మాగారముల పొగగొట్టముల నీడలో పెరుగుచున్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల బిడ్డలను ముందుంచుకొని ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుట మా విధి.

ఇది వైద్యులలో వైద్యులు తేల్చుకొనవలసిన తగవనియు, పత్రికలకిందు పని లేదనియు కొందరందురు. మేమట్లు తలంపము. ధాన్యము కొలిచిన ప్రతి రైతు కుంచము సంగతి ఎరుగును. కుంచమును పోగుపోసి కొలిచిన నొక లెక్క, కర్రతో గీసి కొలిచిన నొక లెక్క, కుదిపి నింపిన మరియొక లెక్క. రాశి మారదు, కొలుచు చేయి మారును. అమ్మువాడొక తీరున, కొనువాడొక తీరున కొలిచినచో కళ్లమున కలహము తప్పదు. నేడు మన బిడ్డల నెత్తురు విషయమున జరుగుచున్నదిదియే. ఒక లెక్కను పట్టుకొని కొందరు దేశము మునిగినదందురు. మరియొక లెక్కను పట్టుకొని కొందరు భయము లేదందురు. నడుమ బిడ్డ పాలిపోయి కూర్చున్నాడు.

రక్తహీనత యన నేమో ముందుగా చెప్పుకొందము. నెత్తుటికి ఎరుపునిచ్చి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును అంగాంగమునకు మోయు పదార్థము హిమోగ్లోబిన్. ఇది తక్కువైనచో బిడ్డ త్వరగా అలసిపోవును, ఆటపై మనసుండదు, జబ్బులకు సులభముగా లోబడును. మెదడు వేగముగా పెరుగు తొలి రెండేండ్లలో ఇనుము కొరవడిన బిడ్డకు ఆ నష్టమును తరువాతి కాలమున పూర్తిగా పూడ్చుట కష్టము. మన పల్లెలలో మన్ను తిను పిల్లవానిని తల్లి దండించును. చిన్నికృష్ణుడు మన్ను తినెనని యశోద కోపించిన కథ ఎరుగని ఇల్లు లేదు. కాని మన్నుపై చాపల్యము పలుమారులు దేహమున ఇనుము కొరవడినదనుటకు చిహ్నమని ఎందరు తల్లులకు తెలియును? అరచేయి పాలిపోవుటను చూచి రోగమును గుర్తించుట ఆరోగ్యకార్యకర్తలకు నేర్పిన పద్ధతి. అది తీవ్రమైన రోగమును పట్టగలదు. స్వల్పమైన దానిని విడిచిపెట్టును. కావున పరీక్ష అవసరము.

పరీక్షలలో పాతవి రెండు. ఫిన్లండు వైద్యుడు టాల్‌క్విస్టు ఇరువదవ శతాబ్దారంభమున అద్దుడుకాగితముపై చుక్కవేసి, దాని రంగును అచ్చువేసిన ఎరుపుల వరుసతో పోల్చుట నేర్పెను. 1990ల దశకమున ప్రపంచారోగ్యసంస్థ ఈ పద్ధతినే సంస్కరించి రంగులపట్టీ నొకదానిని ప్రచారము చేసెను. ఖర్చు స్వల్పము, విద్యుత్తు అక్కరలేదు. కాని తీర్పు చూచువాని కంటిపైనను, చూచిన వెలుతురుపైనను ఆధారపడును. రెండవది స్విట్జర్లండు వైద్యుడు సాలీ పేరిట వెలసిన గొట్టపు పరీక్ష. చిన్న గొట్టములో పలుచని ఉప్పుద్రావకము పోసి, అందు 20 మైక్రోలీటర్ల నెత్తురు కలిపిన, అది గోధుమవర్ణము దాల్చును. కొంతసేపు నిలిపి, చుక్కచుక్కగా నీరుపోసి, ప్రక్కనున్న అద్దపుపలక రంగుతో సరిపోవువరకు పలుచన చేసి, గీతవద్ద అంకె చదువుదురు. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో తరతరముల ల్యాబు సహాయకులు దీనితోనే పని నడిపిరి. ఇద్దరు చూచిన రెండంకెలు వచ్చుట, నిలుపవలసినంతసేపు నిలుపకున్న అంకె తగ్గుట దీని దోషములు. పసికందుల నెత్తుటిలో మిగిలియుండు గర్భస్థ హిమోగ్లోబిన్ ఈ ద్రావకమునకు సులభముగా లొంగదు గావున, చంటిబిడ్డల విషయమున ఇది మరింత బలహీనము.

మూడవది సయన్‌మెట్ హిమోగ్లోబిన్ పద్ధతి. డ్రాబ్‌కిన్ ద్రావణములో నెత్తురు కలిపి, 540 నానోమీటర్ల కాంతిని ఎంత మ్రింగినదో చూచి లెక్కకట్టుదురు. హిమోగ్లోబిన్ రూపములను దాదాపు అన్నిటిని ఒకే వర్ణమునకు తెచ్చుట దీని గొప్పదనము. 1960ల దశకమున అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు దీనిని ప్రమాణముగా స్వీకరించిరి. ఇతర యంత్రములన్నియు దీనికి సరిచూచుకొనవలసినవే. అయితే ఇందు సైనైడు విషము గలదు; ప్రయోగశాల కావలెను; శిక్షితుడైన మనిషి కావలెను. ఈ కష్టమును దాటుటకై వడపోతకాగితముపై చుక్కను ఆరబెట్టి, కాగితమును ప్రయోగశాలకు పంపి, అచట కరగించి కొలుచు ఉపాయమును మన దేశమున అవలంబించిరి. 2002-04 జిల్లాస్థాయి కుటుంబ సర్వే ఈ దారినే త్రొక్కెను. కాగితము తడియారుటలోను, నెత్తురు మరల కరగుటలోను తేడాలు రాకుండ చూచుట ఇందలి కష్టము.

నాలుగవది నేడు ఊరూర కనబడు చేతియంత్రము. స్వీడను దేశమున పుట్టిన హీమోక్యూ వీనిలో ప్రసిద్ధము. 1998-99 రెండవ జాతీయ కుటుంబారోగ్య సర్వేనుండి ఇది మన దేశపు లెక్కలలో ప్రవేశించినది. ప్లాస్టిక్కు చిమిడ్చలో ముందే ఆరబెట్టిన మందులుండును. పది మైక్రోలీటర్ల నెత్తురు అందులోనికి దానంతటదే ఎక్కును. చిమిడ్చను యంత్రములో నుంచిన నిమిషము లోపల అంకె తెరపై వచ్చును. పొలము గట్టునను, తాండాలోను, కూలీల గుడిసెలవద్దను పనిచేయు యంత్రమిది. దీనిని నిందించుట మా ఉద్దేశము కాదు. సిరనుండి తీసిన నెత్తురు చక్కగా కలిపి ఇచ్చినచో ఈ యంత్రము ప్రయోగశాల అంకెకు చేరువగానే చెప్పును. చిక్కంతయు చుక్క ఎట్లు వచ్చినదనుటలో నున్నది.

ఏడ్చుచు గింజుకొను ఏడాది బిడ్డ వ్రేలినుండి చుక్క తీయుట సులభము కాదు. సూది లోతుగా దిగకున్న నెత్తురు రాదు. రాకున్న వ్రేలిని పిండుదురు. పిండిన కొలది నెత్తుటితోపాటు చర్మము క్రింది నీరు దిగి చుక్కను పలుచన చేయును, అంకె తగ్గును. తుడిచిన స్పిరిటు ఆరకుండనే పొడిచినను తప్పే. తొలిచుక్కలను తుడిచివేయకున్నను తప్పే. చిమిడ్చలో గాలిబుడగ చేరినను తప్పే. ఒకే బిడ్డకు కుడివ్రేలి చుక్క, ఎడమవ్రేలి చుక్క వేర్వేరు అంకెలు చెప్పుట తరచు జరుగునది. చిమిడ్చలడబ్బా మూత తెరచియుంచిన, మన శ్రావణమాసపు తేమకు మందులు చెడును. ఇన్ని షరతులను దినమునకు ఇరువది ఇండ్లు తిరుగవలసిన సర్వే కూలిమనిషి ప్రతి ఇంట పాటించుననుట దురాశ. ఆతని తప్పు కాదు. పనిని అట్లు పెట్టినవారి తప్పు.

ఇచట ఒక సూక్ష్మము గలదు. తప్పులు ఎక్కువ తక్కువలకు సమానముగా పోయినచో మొత్తము లెక్క సరియగునని కొందరు సమాధానపడుదురు. అది నిజము కాదు. సగటు సరిపోవునేమో గాని, గీతకు క్రిందివారి సంఖ్య సరిపోదు. నూర్గురు బిడ్డలున్న ఊరిలో నలువదిమంది గీతకు దిగువను, అరువదిమంది ఎగువను ఉన్నారనుకొందము. ఎగువవారిలో పెక్కురు గీతకు ఆనుకొనియే యుందురు. కొలత అటునిటు ఊగినప్పుడు గీత దాటి క్రిందబడు మంచి బిడ్డల సంఖ్య, పైకి లేచు రోగుల సంఖ్యకంటె ఎక్కువగును. లెక్క పెరుగును. పైగా రోగము లేనివానికి రోగమనియు, ఉన్నవానికి లేదనియు చెప్పినట్లగును. వ్రేలిని పిండుటవంటి ఏకపక్షపు తప్పు దీనికి తోడైన, లెక్క ఇంకను ఉబ్బును.

అయిదవది ప్రయోగశాలలోని స్వయంచాలిత రక్తకణయంత్రము. సిరనుండి ఒకటి రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, గడ్డకట్టకుండ మందు పూసిన ఊదామూత గొట్టములో పోసి, మెల్లగా ఎనిమిది పదిమార్లు తలక్రిందులుచేసి కలిపి, ఎండ తగులకుండ యంత్రమునకు చేర్చవలెను. ఇది హిమోగ్లోబినునే గాక ఎఱ్ఱకణముల సంఖ్యను, వాని పరిమాణమును గూడ చెప్పును. కణము చిన్నదైన ఇనుము కొరతనో, వంశానుగతమైన తలసీమియానో అనుమానింపవచ్చును. పెద్దదైన ఫోలిక్ ఆమ్లము, బి12 విటమినుల కొరతను అనుమానింపవచ్చును. వ్రేలిచుక్క అంకె రోగమున్నదని మాత్రము చెప్పును. ఈ యంత్రము రోగము దారిని గూడ చూపును. దీని కష్టములు దీనికున్నవి. పసిచేతిలో సిరను పట్టుటకు నేర్పు కావలెను. తల్లి భయపడును. యంత్రమును ప్రతిదినము ప్రమాణద్రావణముతో సరిచూడవలెను. దారిలో ఆలస్యమైన నెత్తురు పాడగును.

వ్రేలికి తొడిగిన తొడుగులోనుండి కాంతిని పంపి, పొడువకయే అంకె చెప్పు యంత్రములును నేడు వచ్చినవి. బిడ్డ ఏడువడు, తల్లి సంతసించును. కాని వాని అంకె నిజమునుండి అటునిటు తొలగు పరిధి హెచ్చు. పసివారి కదలిక, చల్లని చేయి, సన్నని వ్రేలు వానికి అడ్డంకులు. ప్రపంచారోగ్యసంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శక గ్రంథమున సిరనెత్తురు, స్వయంచాలిత యంత్రము, నిత్యమైన నాణ్యతాపరీక్ష అను మూడింటికే అగ్రస్థానమిచ్చినది. మా అభిప్రాయమును ఈ అయిదు పద్ధతులనుండి రెండు ముక్కలలో చెప్పవచ్చును. వ్రేలిచుక్క జల్లెడవంటిది; సిరనెత్తురు తీర్పువంటిది. జల్లెడను తీర్పుగా గొనరాదు. తీర్పు దూరమని జల్లెడను పారవేయరాదు.

కొలత సరిచేసినంతమాత్రమున పని ముగియదు. గీత ఎక్కడ గీయవలెననునది వేరొక ప్రశ్న. చిరకాలముగా ఆరునెలలు మొదలు అయిదేండ్లలోపు వారందరికి డెసిలీటరునకు 11 గ్రాములే గీత. 2021లో మన దేశపు శాస్త్రజ్ఞులు కొందరు ఆరోగ్యవంతులైన భారతీయ బాలుర లెక్కలను చూచి, మన గీత ఇంతకు దిగువ నుండవలెనని వాదించిరి. 2024లో ప్రపంచారోగ్యసంస్థ రెండేండ్లలోపు వారికి 10.5 గ్రాములుగా తగ్గించి, పైవారికి 11 గ్రాములనే నిలిపినది. అదేతరి నివాసపు ఎత్తును గూర్చిన నియమమునుగూడ మార్చినది. వెనుక సముద్రమట్టమునకు 1000 మీటర్లకు దిగువనున్నవారికి సవరణ లేకుండెను. నేడు 500 మీటర్లకు పైబడిన ఊళ్లవారి అంకెనుండి 0.4 గ్రాము తీసివేయవలెను. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రము ఎత్తు 545 మీటర్లు. కావున 11.2 గ్రాములున్న మూడేండ్ల బిడ్డ మచిలీపట్నమున ఆరోగ్యవంతుడు, పటాన్‌చెరులో రక్తహీనుడు. గీతల మార్పువలన అంకె పెరుగుటయు తరుగుటయు బిడ్డల ఆరోగ్యము మారుట కాదని దీనివలన స్పష్టమగుచున్నది. ఏ లెక్కను ప్రకటించినను, ఏ నెత్తురు, ఏ యంత్రము, ఏ గీత, ఏ సవరణ యని దానిప్రక్కనే వ్రాయనివారి మాట మేము నమ్మము.

ఇంతకంటె ముఖ్యమైనది కారణము. సమగ్ర పోషణ సర్వే మన కన్నులు తెరిపించినది. చిన్నబిడ్డల రక్తహీనతలో ఇనుము కొరతవలన వచ్చినది మూడవవంతుకు కొంచెము మించియే యున్నది. తక్కినది ఫోలిక్ ఆమ్లము, బి12 లోపములవలనను, ఇతర కారణములవలనను. ఫోలిక్ ఆమ్లమన్నప్పుడు ఒక తెలుగువాని పేరు తలంపక తప్పదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1945లో ఆ పదార్థమును కృత్రిమముగా తయారుచేసిరి. నేడు అంగన్‌వాడీలో వారమునకు రెండుమారులు బిడ్డ నోట పోయు మిల్లీలీటరు మందులో 20 మిల్లీగ్రాముల ఇనుముతో కూడ 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమున్నది. తెలుగువాని మేధస్సు లోకమునకిచ్చిన మందు తెలుగు బిడ్డకు సరియైన పరీక్ష తరువాత సరియైన మోతాదులో అందకపోవుట మనకు గౌరవము కాదు.

కొంకిపురుగు కడుపులో నెత్తురు త్రాగుచున్నచో ఇనుపమందు చిల్లికుండలో నీరు. తలసీమియా బిడ్డకు ఊరక ఇనుము పోయుట హానికరము. నిత్యమైన అంటువ్యాధులున్నచోట దేహము ఇనుమును దాచుకొనునే గాని వాడుకొనదు. అట్టివేళ ఇనుపునిల్వను తెలుపు ఫెరిటిన్ పరీక్షను వాపును తెలుపు మరియొక పరీక్షతో జోడించి చదువవలెను. సీసము దేహమున చేరినను రక్తహీనత కలుగును. పాత బ్యాటరీలను కరగించుచోట్ల నివసించు బిడ్డకు ఇనుపమందు పోసి చేతులు దులుపుకొనుట వైద్యము కాదు. కర్మాగారముల ప్రాంతమున ఈ వివేచన మరింత అవసరము.

నిజమైన పరీక్షకు గల శక్తిని పటాన్‌చెరు ఎరిగినట్లు మరియొక ఊరు ఎరుగదు. 1970ల చివరనుండి ఇచట పారిశ్రామికవాడ పెరిగినది. నక్కవాగు నీరు చెడినదని రైతులు ఏండ్లతరబడి మొరపెట్టిరి; 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయినది. పంట చచ్చినదన్న, బావి చెడినదన్న, అది మాటయని కొట్టిపారవేయువారు లేకపోలేదు. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు సామూహిక వ్యర్థజల శుద్ధికేంద్రము విడిచిన నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని ప్రకటించిరి. అంతట లోకమంతయు ఇటు తిరిగి చూచినది. రైతు మాటకు లేని బలము కొలతకు గల్గినది. నీటి చుక్కకు దక్కిన ఆ శ్రద్ధ నెత్తుటి చుక్కకు దక్కవలదా? ఆ నీటికిని బిడ్డల రక్తహీనతకును సంబంధమున్నదని మేమనుట లేదు. పరీక్షింపకుండ ఉన్నదనుటయు లేదనుటయు రెండును తప్పే యనుచున్నాము.

ఈ ప్రాంతపు బిడ్డలలో అన్ని జాతులవారు గలరు. నారాయణఖేడు తాండాల బిడ్డలు, జహీరాబాదు మెట్టపొలముల రైతుబిడ్డలు, రామచంద్రాపురము ఉద్యోగుల బిడ్డలు ఒకవైపు. పాశమైలారము, బొల్లారము రేకులగదులలో కాపురముండు పరప్రాంత కూలీల బిడ్డలు మరియొకవైపు. 2025 జూన్ 30న పాశమైలారపు మందుల కర్మాగారమున జరిగిన ఘోరమైన ప్రేలుడులో మృతులైనవారిలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల కూలీలెందరో యుండుట లోకమెరిగినదే. బ్రతికియున్నప్పుడు వారి బిడ్డల పేర్లు ఏ అంగన్‌వాడీ పుస్తకములో నున్నవని అడిగినవారెవరు? పేరులేని బిడ్డకు జల్లెడయు లేదు, తీర్పును లేదు. వేతనపుపట్టీలో కూలీ పేరు వ్రాయు యజమాని, ఆతని బిడ్డ పేరును ఆరోగ్యకేంద్రమునకు తెలుపుట ఘనమైన త్యాగమేమియు కాదు.

సాధనములు లేవనుటకు వీలులేదు. 2018లో హైదరాబాదున మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఏర్పాటు 2021 జూన్‌లో జిల్లాలకు విస్తరించినప్పుడు సంగారెడ్డికిని ఒక కేంద్రము వచ్చినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నెత్తురు తీసి, బండిలో జిల్లాకేంద్రమునకు చేర్చి, ఉచితముగా పరీక్షించుటయే ఆ ఏర్పాటు ఉద్దేశము. 2022లో సంగారెడ్డికి ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. కందిలో ఐఐటీ గలదు. తార్నాకలో జాతీయ పోషణసంస్థ గలదు. 1918లో కూనూరున మెక్కారిసన్ ఒక చిన్నగదిలో ప్రారంభించిన పరిశోధన పెరిగి 1958లో హైదరాబాదు చేరినది. నూరేండ్ల విద్య గంటసేపటి ప్రయాణములో నుండగా, పటాన్‌చెరు బిడ్డ అంకె సందేహమున మిగులుట దారిద్ర్యమువలన కాదు, ఏర్పాటు లేమివలన.

కావున మేము కోరునది విపరీతమైనది కాదు. అంగన్‌వాడీలోను పల్లెలోను చేతియంత్రముతో వ్రేలిచుక్క పరీక్ష సాగనిండు. వ్రేలిని పిండరాదనియు, తొలిచుక్కలు తుడువవలెననియు, చిమిడ్చలడబ్బా మూయవలెననియు కార్యకర్తలకు ఏటేట నేర్పుడు. గీతకు దిగువనున్న ప్రతి బిడ్డకును, గీతకు ఎగువ అరగ్రాము లోపలనున్న బిడ్డకును వారము లోపల సిరనెత్తురు తీసి సంగారెడ్డి యంత్రమునకు పంపుడు. ఏడు గ్రాములకు దిగువనున్న బిడ్డను కాగితములకై నిలుపక వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. ఇనుపమందు రెండు నెలలు పోసిన పిమ్మట మరల పరీక్షింపుడు. అంకె పెరుగకున్న, మోతాదు పెంచుట కాదు, కారణము వెదకుట కర్తవ్యము. నెలకొకమారు కొందరు బిడ్డలకు రెండు పద్ధతులను ఒకేపూట జరిపి, భేదమెంతయో జిల్లా వైద్యాధికారి ప్రకటింపవలెను. అపుడే మన జల్లెడ కన్నులెంత వెడల్పో మనకు తెలియును.

దేశపు లెక్క విషయమునను ఒక మాట. 2023-24 ఆరవ కుటుంబారోగ్య సర్వేనుండి రక్తహీనత పరీక్షను తొలగించి, జాతీయ పోషణసంస్థ నడుపు ఆహార, జీవసూచికల సర్వేకు ఆ పనిని ప్రభుత్వమువారు అప్పగించిరి. అందు సిరనెత్తురును పరీక్షించుట నిర్ణయము. శాస్త్రదృష్టిచే ఇది సరియైన మార్గమే. అయినను పాత కుంచమును పారవేసి క్రొత్త కుంచము తెచ్చిన దినమున, రెండింటికి గల నిష్పత్తిని కళ్లమున అందరియెదుట చూపుట న్యాయము. అట్లు చూపక, వెనుక 67, నేడు ఇంత, తగ్గినదంతయు మా ప్రతాపమని ఎవరైనను చాటినచో, ఆ మాటను ఈ పత్రిక అంగీకరింపదు. అట్లే, క్రొత్త లెక్క చిన్నదగునను భయముచే పాత లెక్కనే పట్టుకొని వ్రేలాడువారిని కూడ మేము సమర్థింపము. దాదాభాయి నౌరోజీ పరప్రభుత్వపు లెక్కలతోనే ఆ ప్రభుత్వపు దోపిడిని రుజువుచేసెను. ఆయన బలము లెక్కను పెంచుటలో లేదు. సరిగా కూడుటలో నున్నది. స్వరాజ్యమున మన ప్రభుత్వమునుండి మనము కోరవలసినది అంతకంటె నిక్కమైన లెక్కయే గాని, తీపి లెక్క కాదు.

చిన్న లెక్క వచ్చినచో ధనము తగ్గింతురను భయమునకు సమాధానము ఆ లెక్కలోనే గలదు. నూటికి నలువదియు ఆపైనను ఉన్నచోట రక్తహీనత తీవ్రమైన ప్రజారోగ్య సమస్యయని ప్రపంచారోగ్యసంస్థ నియమము. మన తక్కువ లెక్కయైన 40.5 సైతము ఆ గీతను దాటియే యున్నది. అనగా ఏ కుంచముతో కొలిచినను మన ఇల్లు కాలుచునే యున్నది. ఏ గది ఎంత కాలుచున్నదో తెలిసికొనుటకే మంచి కొలత. అందరికి పోయు ఇనుపమందు ఆపుటకు ఈ వాదము ఆధారము కారాదు. మందు పనిచేయనివారిని గుర్తించుటకు ఆధారము కావలెను.

తుదకు పరీక్ష పరీక్షయే, కూడు కాదు. మెతుకుసీమ మెట్టపొలములలో జొన్నయు సజ్జయు పండిన దినములను వృద్ధులెరుగుదురు. పస్తాపురమున దళిత స్త్రీల సంఘములు ఆ పంటలను నేటికిని నిలుపుకొనుట ప్రశంసనీయము. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మహారాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయముతో కలిసి ఇనుము హెచ్చుగాగల ధనశక్తి యను సజ్జను రూపొందించిరి; 2014లో దేశమంతటికి అది విడుదలయైనది. ఆ విత్తనము పుట్టిన ఊరి అంగన్‌వాడీలోనే ఆ సజ్జరొట్టె బిడ్డ చేతికి రాకపోవుట విడ్డూరము. భూస్వాములు ఎకరములో కొంత సజ్జకు విడువవచ్చును. పట్టణవాసులు తమ వార్డు అంగన్‌వాడీలో గ్రుడ్లు, బాలామృతము సక్రమముగా వచ్చుచున్నవో లేదో నెలకొకమారు పోయి చూడవచ్చును. చేతియంత్రపు చిమిడ్చలు నిండుకొన్నచో నలుగురు చేరి అధికారిని అడుగవచ్చును. అడుగువారు లేకున్న ఇచ్చువారుండరు.

తండ్రులకును తల్లులకును మా విన్నపమొకటి. బిడ్డ చేతినుండి ఒకటి రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసినచో బిడ్డ క్షీణించునను భయము నిరాధారము. చిన్న చెంచాలో సగమునకు మించదు, దేహము దానిని కొద్దిదినములలోనే పూడ్చుకొనును. బిడ్డ క్షణకాలము ఏడ్చును. ఆ ఏడుపునకు జాలిపడి పరీక్షను మానుకొన్నచో, రోగము నోరులేకుండ ఏండ్లు ఏడ్పించును. పరీక్ష జరిగిన పిమ్మట అంకెను కాగితముపై వ్రాయించుకొని, అది వ్రేలిచుక్కదా, సిరనెత్తురుదా యని అడిగి తెలిసికొనుడు. జిల్లా అధికారులు ఆ ప్రశ్నకు ప్రతి ఆరోగ్యకేంద్రమునను బదులు సిద్ధముచేయవలెను. బిడ్డ నెత్తుటిని కొలుచు కుంచము సరిగా నుండవలెనని కోరు హక్కు పటాన్‌చెరు కూలీకిని, సంగారెడ్డి పురవాసికిని సమానమే.